పబ్లిక్ అడ్మినిస్ట్రేషన్ చదివేవాళ్లు తహశీల్దారు ఆఫీసులో ఏం చూడాలి?

మీ ప్రశ్న చదివాను. అనంతపురంలో ఎం.ఏ. పబ్లిక్ అడ్మినిస్ట్రేషన్ చదువుతున్న మీ నలుగురినీ ప్రభుత్వం, విధానం, ప్రజాసేవ మీద సొంతంగా ఆలోచించి వ్యాసం రాసుకు రమ్మన్నారు. మీరు రెండు మండలాఫీసులు తిరిగొచ్చి, "పుస్తకాల్లో ఉండేదానికీ అక్కడ జరిగేదానికీ పొంతన లేదు, చివరాఖరికి అంతా రాజకీయమూ డబ్బూనే, ఇంక మేం చదివేదెందుకు, రాసేదేముంది?" అని అడిగారు. రెవెన్యూలో జూనియర్ అసిస్టెంటుగా చేరి తహశీల్దారుగా రిటైరైనవాణ్ణి. ఈ జిల్లాలోనే చాలా మండలాలు తిరిగాను. నాకు తోచింది కొంచెం వివరంగానే రాస్తాను, ఓపిగ్గా చదవండి.

రాజకీయం లేదని చెప్పను. డబ్బు లేదని అసలే చెప్పను. కానీ ఆ రెండు మాటలతో ఆపేస్తే మీ వ్యాసం అర పేజీలో అయిపోతుంది, టీ అంగడి దగ్గర ఎవరైనా చెప్పే మాటే అవుతుంది. మీరు ఆఫీసుకు పోయి మనుషుల్ని చూసొచ్చారు, రిజిస్టర్లు చూడలేదు. ప్రభుత్వం తన రిజిస్టర్లో గడి ఉన్నదాన్నే చూస్తుంది. గడి లేని విషయం కళ్లెదుట ఉన్నా దాని లెక్కలో లేనట్టే. ఆ గడి ఎవరు గీశారు, ఏ కొలతతో గీశారు, ఎవరి సౌకర్యానికి గీశారు అని వెతకడం మొదలుపెడితే విధానం అనేది ఎలా పుడుతుందో, ఎక్కడ చెడుతుందో కింది నుంచి తెలుస్తుంది. డబ్బు చేతులు మారేది కూడా ఎక్కువగా రికార్డు మసకగా ఉన్నచోటే. 1-బీ అనే హక్కుల రికార్డులో పేరు, ఏటా పంటా సాగుదారూ రాసే అడంగల్‌లో పేరు, భూమి మీద మనిషి, ఈ మూడూ ఒకటే అయినచోట ఎవడికైనా బేరమాడే సందు తక్కువ.

చుక్కల భూముల సంగతి తీసుకోండి, అంటే పాత రిజిస్టర్లో పట్టాదారు పేరు బదులు చుక్కలు పెట్టి వదిలేసిన భూములు. మన ఆఫీసుల్లో ఈ మాట వినే ఉంటారు. కథ చాలా వెనక్కి పోతుంది. 1800లో నిజాం ఈ ప్రాంతాన్ని ఈస్టిండియా కంపెనీకి దత్తం చేశాక థామస్ మన్రో ప్రిన్సిపల్ కలెక్టరుగా వచ్చి 1807 దాకా ఉన్నాడు. 33 అడుగుల గొలుసు పట్టించి పొలం పొలం కొలిపించాడు. ఆ గొలుసు చదరాలు 40 అయితే ఒక ఎకరం. శిస్తు ఊరి పెద్దతోనో పాళెగాడితోనో కాకుండా రైతుతోనే నేరుగా కట్టుకోవడం ఆయన పద్ధతి, రైతువారీ అనేది దాన్నే. ఏటా జమాబంది, అంటే శిస్తు లెక్క తేల్చడం, జరిగేది. వానల్లేక చేను బీడు పడితే రైతు దాన్ని రాజీనామా రాసి వదిలేయొచ్చు, కావాలంటే వేరే భూమికి దరఖాస్తు పెట్టుకోవచ్చు.

ఆయన వెళ్లిపోగానే ఏమైందో చూడండి. ఇంతమంది రైతులతో ఇన్ని లెక్కలు పెట్టుకోవడం మద్రాసులోని రెవెన్యూ బోర్డుకు భారమనిపించింది. ఊరు మొత్తాన్ని మొదట మూడేళ్లకు, తర్వాత పదేళ్లకు గుత్తకిచ్చింది. మద్రాసు నుంచి చూస్తే ఊరు ఒక్క వరుస, గుత్తి దగ్గర చేలో నిలబడి చూస్తే వందల వరుసలు. గుత్త పద్ధతి దెబ్బతింది, చాలా ఊళ్లు చితికిపోయాయి. మన్రో మద్రాసు గవర్నరుగా తిరిగొచ్చిన 1820లో మళ్లీ రైతువారీ పెట్టారు, 1807లో ఆయన అడిగిపోయిన నాలుగో వంతు శిస్తు తగ్గింపు కూడా అప్పుడే అమలుకొచ్చింది. ఈ సీమలో పిల్లలకు ఆయన పేరు పెట్టుకున్నవాళ్లు ఉన్నారు. 1827లో పత్తికొండలో కలరాతో పోయాడు. దేవుణ్ణి చేయనక్కర్లేదు, ఆయన వచ్చింది కంపెనీకి శిస్తు వసూలు చేయడానికే. కానీ ఏ కొలతతో చూడాలి, ఊరా, రైతా, చేనా అన్న తగువును ఒక కలెక్టరూ ఒక బోర్డూ ఇరవై ఏళ్లు నడిపించారు చూశారా, మీ సిలబస్‌లోని కేంద్రీకరణ, వికేంద్రీకరణ అధ్యాయం మొత్తం మన ఊళ్లలోనే జరిగిపోయింది.

తర్వాత బ్రిటిష్ వాళ్లే రీసెటిల్‌మెంట్ చేసి, అంటే భూములనూ శిస్తునూ మళ్లీ లెక్కగట్టి, రిజిస్టర్లు రాయించారు. ఆ రీసెటిల్‌మెంట్ రిజిస్టర్నే మేం ఆర్.ఎస్.ఆర్. అంటాం. అందులో పట్టాదారు పేరు రాయాల్సిన చోట కొన్ని సర్వే నంబర్లకు చుక్కలు పెట్టి వదిలేశారు. అడిగిన రోజు ఎవరూ ముందుకు రాకపోవచ్చు, భూమి బీడుగా ఉండొచ్చు, ఎవరిదో తేలకపోవచ్చు. సర్కారు భూమి అనీ రాయలేదు, ఫలానావాడిదనీ రాయలేదు. రాసిన గుమస్తాకు అది 'తర్వాత చూద్దాం' అన్నంత చిన్న విషయం. తర్వాత ఎవరూ చూడలేదు. మూడు తరాలు ఆ చేలు దున్నుకున్నారు, శిస్తు కట్టారు, అమ్ముకున్నారు, పంచుకున్నారు.

ఆ పైన రిజిస్ట్రేషన్ చట్టంలో 22-ఏ సెక్షన్ వచ్చింది. సర్కారు భూములు, పేదలకు ప్రభుత్వం ఇచ్చిన ఎసైన్డ్ భూములు, దేవాదాయ భూములు అక్రమంగా రిజిస్టరు కాకుండా ఆపాలన్నది దాని ఉద్దేశం. మంచి ఉద్దేశమే, నేను దాన్ని తప్పు పట్టను. అయితే జాబితా తయారుచేసి పంపమని మండలాలకు వచ్చినప్పుడు ఈ చుక్కల నంబర్లను ఏ గడిలో వేయాలి? పేరు లేదు కాబట్టి ప్రైవేటు కాదు. ప్రైవేటు కాదు కాబట్టి నిషేధిత జాబితా. అంతే, ఒక్క రాతతో రిజిస్ట్రేషన్లు ఆగిపోయాయి. "మా జేజినాయన కాలం నించీ ఈ సేను మేమే సేసుకుంటాండాం సార్, ఇప్పుడు గవర్నమెంటుదంటారేంది?" అని పెద్దాయన బల్ల ముందు నిలబడితే చెప్పడానికి జవాబుండేది కాదు. ఆయన భూమిని లాక్కోవాలని ఏ మంత్రీ అనుకోలేదు, ఏ కలెక్టరూ ఉత్తర్వివ్వలేదు. ఒక ఖాళీ గడిని ఇంకో జాబితా తనకు తోచినట్టు నింపుకుంది.

దీన్ని సరిచేయడానికి 2017లో ప్రత్యేకంగా చట్టమే చేయాల్సి వచ్చింది. 12 ఏళ్లకు పైగా అనుభవంలో ఉన్నవాళ్లు ఆధారాలు పెట్టుకుంటే జిల్లా స్థాయి కమిటీ చూసి రికార్డులో పేరెక్కించాలి. 2023లో దరఖాస్తుల పని లేకుండా ప్రభుత్వమే 2 లక్షల ఎకరాలకు పైగా చుక్కల భూములను నిషేధిత జాబితా నుంచి తీసేసింది. ఈ రెండు పద్ధతులనూ పక్కపక్కన పెట్టి చూడండి. మొదటిదాంట్లో నిరూపించుకునే బరువు రైతు మీద ఉంది. రెండోదాంట్లో ఆ బరువు ప్రభుత్వమే ఎత్తుకుంది, కానీ అర్హత లేనివాడు కూడా మధ్యలో దూరే వీలు పెరిగింది. ఏది మేలు? నా మటుకు నాకు రెండోదే మేలనిపిస్తుంది, ఎందుకంటే తప్పు మొదట జరిగింది ఆఫీసులో. మీకు వేరేగా అనిపిస్తే వాదించి రాయండి, వ్యాసం అంటే అదే.

ఇక్కడే ప్రజాసేవ మాట కూడా వస్తుంది. 2017 చట్టం కింద దరఖాస్తులు వచ్చినప్పుడు మండలాల్లో రెండు రకాలుగా రిపోర్టులు వెళ్లాయి. ఒక రకం: 'ఆర్.ఎస్.ఆర్.లో చుక్కలు ఉన్నందున, తగిన ఆధారాలు లేనందున తిరస్కరణకు సిఫారసు చేయడమైనది.' ఒకటిన్నర వాక్యం. ఇంకో రకం: పాత అడంగళ్లు దులిపి, శిస్తు రసీదులు, పాత దస్తావేజులు చూసి, పక్క చేల రైతుల వాంగ్మూలాలు తీసుకుని, చేను మీదికి పోయి నిలబడి రాసిన రిపోర్టు. రెండింటి వెనకా రాజకీయం లేదు. రెండింటి వెనకా డబ్బు ఉండక్కర్లేదు. తేడా ఎక్కడ వచ్చిందంటే, తిరస్కరించిన అధికారికి జీవితంలో ఎప్పుడూ మెమో రాదు. ఇచ్చినవాడికి పదేళ్ల తర్వాత, రిటైరయ్యాక కూడా, విజిలెన్స్ నుంచి కాగితం రావచ్చు. కాదన్నందుకు శిక్ష లేదు, ఔనన్నందుకు ఉంది. ఈ ఏర్పాటు మారనంతకాలం "అధికారులు సేవాభావంతో మెలగాలి" అని ఎన్ని శిక్షణలిచ్చినా వాళ్లు భద్రంగా ఉండే దారే చూసుకుంటారు. నైతికత అధ్యాయం చదివేటప్పుడు ఈ లెక్క మనసులో పెట్టుకోండి. 

రిగ్స్ ఫార్మలిజం గురించి మీరు పరీక్షల్లో రాసే ఉంటారు, కాగితం మీద ఒకటి, ఆచరణలో ఒకటి అని. మీ ప్రశ్నలో కూడా అదే ఉంది. నాకు ఆ మాట సగమే నిజమనిపిస్తుంది. చుక్కల భూముల్లో గొడవ కాగితాన్ని పాటించకపోవడం వల్ల రాలేదు, పొల్లుపోకుండా పాటించడం వల్ల వచ్చింది.

సరే, భూమిని వదిలి వానలోకి వద్దాం. అనంతపురం సగటు వర్షపాతం ఏడాదికి 550 మిల్లీమీటర్ల చుట్టుపక్కల. ఎర్రనేలల్లో శెనక్కాయ వేసిన రైతుకు ఆ మొత్తంతో పని లేదు. మొదటి పదునుకు విత్తనం పడి, ఊడలు దిగే రోజుల్లో చినుకు లేకపోతే పంట అప్పుడే పోయినట్టు. తర్వాత సెప్టెంబరులో రెండు తుపాను వానలు దంచి కొడితే రికార్డులో వర్షపాతం 'సాధారణం' అవుతుంది. మొత్తాన్ని మాత్రమే చూసే గడి ఉన్నన్నాళ్లూ మన కరువు ఢిల్లీకి కనపడలేదు. ఎడతెగని పొడి వారాలను కూడా లెక్కలోకి తేవాలని ఇక్కడివాళ్లు ఎన్నో ఏళ్లు మొత్తుకున్నారు. కేంద్రం తెచ్చిన 2016 కరువు మాన్యువల్‌లో వర్షపాతం లోటుతో పాటు డ్రై స్పెల్‌ను కూడా మొదటి మెట్టులోనే పెట్టారు. ఆ తర్వాత పంట విస్తీర్ణం, ఉపగ్రహ చిత్రాలు, నేలలో తేమ, చెరువులూ భూగర్భజలాలూ చూడాలి. చివర పది శాతం ఊళ్లలో చేల మీదికి పోయి సరిచూసుకోవాలి. ఖరీఫ్ కరువును అక్టోబరు నెలాఖరుకల్లా ప్రకటించాలి. అదే మాన్యువల్ ఇంకో పని కూడా చేసింది, కరువు 'తీవ్రం' అయితేనే కేంద్ర సాయం, 'మధ్యస్థం' అయితే రాష్ట్రమే చూసుకోవాలి. ఒక చేత్తో గడి ఇచ్చి ఇంకో చేత్తో గీత కాస్త పైకి జరిపారన్నమాట. మండలాఫీసులో మేం చర్చించుకునేది కరువు ఉందా లేదా అని కాదు, గీత దాటిందా లేదా అని.

వాతావరణ ఆధారిత పంటల బీమా కూడా ఇదే బాపతు. మన జిల్లాలో శెనక్కాయకు చాలా సీజన్లు ఈ పద్ధతే నడిచింది. పంట ఎంత పోయిందో కొలవరు, నమోదైన వాన ఎంతో చూసి పరిహారం లెక్కగడతారు. కొలవడం తేలిక, పంట కోత ప్రయోగాల్లో, అంటే చేలో కొంత మేర కోసి దిగుబడి తూచేటప్పుడు, జరిగే పైరవీలకు తావు తక్కువ, డబ్బు త్వరగా వస్తుంది. పేపరు మీద చూస్తే ఇంతకంటే తెలివైన ఏర్పాటు లేదు. కానీ వానను కొలిచే మాపకం మండల కేంద్రంలో ఉంటుంది, మన వాన ఒక ఊరి మీద కురిసి పక్క ఊరిని ఎగ్గొట్టి పోయే రకం. "మండలంలో వాన పడితే మా సేను తడుస్తాదా సార్?" అని అడిగిన ఆయన ఏ కాలేజీలోనూ పాలసీ అనాలిసిస్ చదవలేదు. కావాలంటే మీరు పంట కోత ప్రయోగాలే మేలని రాయవచ్చు. అప్పుడు ఐదు మీటర్ల చదరం ఏ చేలో పడాలో అన్న దగ్గర ఊళ్లో ఎంత ఒత్తిడి ఉంటుందో కూడా రాయండి. మచ్చలేని కొలత నాకైతే ఇంతవరకు కనపడలేదు.

ఉపాధి హామీ గురించి చెప్పకుండా అనంతపురంలో పరిపాలన మీద మాట్లాడలేం. 2006 ఫిబ్రవరి 2న ఈ పథకం దేశంలో మొదలైంది మన నార్పల మండలం బండ్లపల్లిలో. ఊళ్లలో ఇప్పటికీ 'కరువు పని' అనే అంటారు. 2005 చట్టంలో వంద రోజులు, అడిగిన పదిహేను రోజుల్లో పని, లేకపోతే భృతి, ఇవన్నీ మీకు తెలుసు. నేను చూడమనేది కూలి లెక్క. తవ్విన మట్టిని కొలిచి కూలి కడతారు. మే నెలలో మన నేల గడ్డపారను ఎగరగొడుతుంది, అదే రేటు కోస్తా మెత్తటి నేలకూ ఇక్కడి గట్టి నేలకూ పెడితే ఇక్కడి కూలీకి సగం కూలి కూడా పడదు. అందుకే మన రాష్ట్రంలో నేల రకాన్ని బట్టి రేట్లు పెట్టారు, వేసవి నెలలకు కూలి లెక్కలో అదనపు భత్యం కలిపారు. గుంతలో దిగి చూసినవాళ్ల మాట రేట్ల పట్టికలోకి ఎక్కిన అరుదైన సందర్భం అది. సామాజిక తనిఖీ కూడా ఆ చట్టంలోనిదే, 17వ సెక్షన్. మస్టరును, అంటే కూలీల హాజరు పట్టీని, గ్రామసభలో పైకి చదవడం. చదువుతుంటే "ఆయప్ప బెంగుళూరు పోయి రెండేండ్లయ, పనికెప్పుడొచ్చినాడు?" అని వెనకనుంచి ఎవరో అంటారు. ఆడిటర్ జనరల్ ఆఫీసు నుంచి ఎవరొచ్చినా ఆ ముక్క పట్టుకోలేరు. దాని లోటు కూడా ఉంది, బయటపెట్టినంత వేగంగా సొమ్ము రికవరీ కాలేదు.

కర్నూలు జిల్లా ఓర్వకల్లు పొదుపు సంఘాల మీద ఇప్పటికే చాలామంది రాశారు, నేను పొడిగించను. 1995లో ఐక్యరాజ్యసమితి తోడ్పాటుతో మొదలైన ఆ ప్రయోగం నుంచే తర్వాత వెలుగు పథకం అల్లుకుంది. ఒక్క సంగతి గమనించండి: ప్రభుత్వాలు మారినప్పుడల్లా పథకం పేరు మారింది, ఊళ్లో ఆడవాళ్లు మాత్రం 'వెలుగు ఆఫీసు' అనడం మానలేదు. కలెక్టరేట్లో సోమవారం అర్జీలకు కూడా మీ కోసం, స్పందన, పీజీఆర్ఎస్ అని పేర్లు తిరిగాయి. జనానికి అది గ్రీవెన్సే.

ఆ గ్రీవెన్సు దగ్గర కాసేపు కూర్చోండి. అర్జీకి 'పరిష్కరించబడినది' అని కంప్యూటర్లో పడటానికి సమస్య తీరనక్కర్లేదు, ఎండార్స్‌మెంట్ అనే జవాబు కాగితం ఇస్తే చాలు. "కోర్టులో కేసు ఉన్నది కావున సివిల్ కోర్టును ఆశ్రయించవలెను" అన్నా అది పరిష్కారం కిందే లెక్క. ఎన్ని రోజుల్లో మూసేశారన్నదానికి గడి ఉంది, అర్జీదారు మళ్లీ అదే కాగితం పట్టుకుని ఎన్నిసార్లు వచ్చాడన్నది ఎవరికీ పట్టేది కాదు. పని కాదని తెలిసినా ఎందుకు కాదో, తర్వాత ఎవరి దగ్గరకు, ఏ కాగితంతో పోవాలో అర్జీదారుకు అర్థమయ్యే తెలుగులో రెండు వాక్యాలు రాసిచ్చే గుమస్తాలు ఉండేవాళ్లు. వాళ్ల దగ్గరకు జనం బారులు తీరేవాళ్లు. వాళ్లకు ఏ రిపోర్టులోనూ ప్రత్యేకంగా మార్కులు పడలేదు.

రాజకీయం గురించి అడిగారు కాబట్టి ఒక మాట. 1887లో వుడ్రో విల్సన్ రాజకీయాన్నీ పరిపాలననూ విడదీసి చూడాలన్నాడని మొదటి సెమిస్టర్లోనే చెప్పి ఉంటారు. మా ఆఫీసుల్లో ఆ గీత ఎప్పుడూ నిలబడలేదు, నిలబడకపోవడం ప్రతిసారీ చెడ్డా కాదు. అనర్హుడికి ఇంటి స్థలం ఇప్పించమని వచ్చే నాయకుణ్ణి చూశాను. రికార్డులో లేని వలస కుటుంబాన్ని చేయి పట్టుకుని తీసుకొచ్చి "వీళ్లు మీ లిస్టులో ఎందుకు లేరు?" అని గట్టిగా అడిగిన సర్పంచునూ చూశాను. బల్ల మీద ఇద్దరిదీ సిఫారసే. మొదటివాడు గడిలో అబద్ధం రాయించడానికి వచ్చాడు, రెండో ఆయన లేని గడిని చూపించడానికి వచ్చాడు. 1984లో కరణం, మునసబు పదవులు రద్దయి, తర్వాత మండలాలు వచ్చినప్పుడు కూడా అది రాజకీయ నిర్ణయమే. ఊరి లెక్క ఒక ఇంటి బీరువాలోంచి బయటికొచ్చింది. దాంతో పాటు ఏ చేను ఎవరిదో నోటికి చెప్పగలిగిన మనిషి కూడా పోయాడు. రెండూ రాయండి.

ఇక మీ వ్యాసం. 'సుపరిపాలన సవాళ్లు' లాంటి పేరు పెట్టకండి. నలుగురూ నాలుగు వేర్వేరు రికార్డులు పట్టుకోండి: ఒకరు 22-ఏ జాబితాలోని ఒక్క సర్వే నంబరు, ఒకరు ఒక ఊరి ఒక్క ఖరీఫ్ బీమా, ఒకరు ఒక సామాజిక తనిఖీ రిపోర్టు, ఒకరు ఒక పింఛను తిరస్కరణ. ఆ రికార్డు ఏ చట్టంతో పుట్టింది, ఎవరెవరి బల్లల మీదుగా వచ్చింది, ఎక్కడ ఎన్నాళ్లు ఆగింది, ఆగినన్నాళ్ల ఖర్చు ఎవరు భరించారు, ఇది చాలు మీకు. పరీక్షకూ పనికొస్తుంది, గ్రూప్-1 మెయిన్స్‌లో పాలన ప్రశ్నకు సొంత ఉదాహరణ రాసినవాడి పేపరు దిద్దేవాడికి గుర్తుండిపోతుంది.

మొదట గ్రామ సచివాలయానికి పోండి. బయట బోర్డు మీద పెట్టిన లబ్ధిదారుల జాబితా ఫోటో తీసుకుని, ఊళ్లో తిరిగి ఎవరెవరు లేరో అడగండి. కాగితాలు కావాలంటే సమాచార హక్కు కింద దరఖాస్తు పెట్టండి, మన రాష్ట్రంలో గ్రామ స్థాయిలో ఫీజు లేదు, మండలంలో 5 రూపాయలు, ఆపైన 10. ముప్పై రోజుల్లో జవాబివ్వాలి. 'భూ సమస్యల వివరాలు ఇవ్వండి' అని రాస్తే మీకు అర్థంకాని జవాబే వస్తుంది. ఊరి పేరు, సర్వే నంబరు, ఏ సంవత్సరం అడంగల్ కావాలో రాయండి, ఫైలులో అధికారులు తమ అభిప్రాయాలు రాసే నోట్‌షీట్ నకలు కూడా కావాలని విడిగా అడగండి. ఉత్తర్వులో ఉండని వెనకాముందులన్నీ నోట్‌షీట్‌లో ఉంటాయి. రికార్డు రూములో సీనియర్ అసిస్టెంటు ఎవరైనా ఉంటే మధ్యాహ్నం భోజనాలయ్యాక కలవండి. పొద్దున పూట ఎవరికీ తలెత్తే తీరిక ఉండదు.